ఏడ్చే నీటిబొట్టుతో నాకు పడదు

అమ్మాయీ,

ఆరు, ఏడు తరగతుల పిల్లలకని నువ్వు రాసిన నీటి పొదుపు పాఠం అందింది. రెండో పేజీలో నీటిబొట్టు "నన్ను వృథా చేయకండి పిల్లలూ" అని ఏడ్చేసరికి కాగితాలు పక్కన పడేశాను. కాసేపాగి మళ్లీ తీస్తే, తర్వాతి పేజీలో ఒక కుర్రాడు కారే కుళాయి కింద గ్లాసు పెట్టి, నిండేదాకా కూర్చున్నాడు. అది బావుంది. నువ్వేమో వాణ్ని అక్కడే వదిలేసి నినాదాల్లో పడ్డావు.

పన్నెండేళ్ల పిల్లలకు బొట్టు మాట్లాడదని తెలుసు. గుణకారమూ తెలుసు. సెకనుకో బొట్టు కారితే రోజుకు 86,400 బొట్లు. లీటరుకు సుమారు 4,000 బొట్లు అనుకుంటే 21 లీటర్లు దాటుతుంది. ఆ 4,000 కూడా నువ్వు చెప్పకు. 10 మిల్లీలీటర్ల మూతలో ఎన్ని బొట్లు పడతాయో వాళ్లనే లెక్కపెట్టనీ. ఒకరికి 36 వస్తాయి, ఇంకొకరికి 43. తగవులాడుకుంటారు. ఆడుకోనీ.

నా మొదటి పాఠంలో వాన లెక్క ఉండేది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 100 చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్లు కురిస్తే 1,000 లీటర్లు. సంపాదకుడు "పిల్లలకు అంకెలంటే భయమండీ" అంటూ అన్నీ కొట్టేసి, కన్నీళ్లు కార్చే భూగోళం బొమ్మ వేయించాడు. భయం ఆయనది. పారితోషికం అడిగి అడిగి ఊరుకున్నాను. ఇప్పటికీ మార్చి 22న ప్రపంచ జల దినోత్సవం వస్తే చాలు, ఎవరో ఒకరు ఆ భూగోళాన్నే మళ్లీ ఏడిపిస్తారు.

ఇంకో మాట. పళ్లు తోముకునే పిల్లను దోషిలా నిలబెట్టావు. మనుషులు నదుల నుంచి, భూగర్భం నుంచి తోడుకునే మంచినీటిలో దాదాపు 70 శాతం సాగుకే పోతుంది. అది దాచి కుళాయి కట్టేయమంటే ఎలా? పారేసే తిండితో పాటు ఎన్ని నీళ్లు పోతున్నాయో కూడా చెప్పు.

ప్రచురణకర్తల సంగతి అడిగావు, ఇప్పుడు కాదు. ఫ్లష్ ట్యాంకులో తినే రంగు కలిపి, అరగంటపాటు ఫ్లష్ చేయకుండా ఆగి, కింద కమోడ్‌లో రంగు కనిపిస్తే లీకున్నట్టే అని చెప్పే ప్రయోగాన్ని ఎందుకు కొట్టేశావు? ఎవరో అసహ్యమని ఉంటారు. పిల్లలు ముందు చేసేది అదే. తిరిగి పెట్టు.