టెస్ట్ స్టేషన్‌కి పంపే కోడెదూడకి టీకాలు ఎప్పుడు?

అన్నా, మీ ఏడు నెలల ఆంగస్ జాతి కోడెదూడని పాలు మాన్పించిన మర్నాడే టెక్సాస్ టెస్ట్ స్టేషన్‌కి (వేర్వేరు మందల కోడెదూడల్ని ఒకచోట పెంచి ఎదుగుదల పోల్చిచూసే చోటు) తోలి, టీకాలన్నీ ఆ రోజే వేయిస్తానన్నారు. దయచేసి అలా చేయకండి. తల్లికోసం రాత్రంతా అరిచి గొంతు బొంగురుపోయిన దూడకి టీకా సరిగా పట్టదు. కొత్త మందలో కలిశాక న్యుమోనియా వచ్చే ప్రమాదం కూడా ఎక్కువ.

ప్రయాణానికి కనీసం 45 రోజుల ముందే పాలు మాన్పించి, తొట్టిలో దాణా తినడం అలవాటు చేయండి. న్యుమోనియాకి దారితీసే ఐబీఆర్, బీవీడీ, పీఐ3, బీఆర్‌ఎస్‌వీ అనే నాలుగు వైరస్‌లకి కలిపి వేసే టీకా, జబ్బవాపు టీకా బూస్టర్‌తో సహా ప్రయాణానికి రెండు వారాల ముందే పూర్తవ్వాలి. చెవి అంచు నుంచి చిన్న ముక్క తీయించి బీవీడీ పరీక్షకి పంపండి. పుట్టుకతోనే ఆ వైరస్ ఉన్న దూడ బతికినంతకాలం పక్కవాటికి అంటిస్తూనే ఉంటుంది, పైకి బాగానే కనిపించినా సరే.

ఆవులకి గర్భస్రావాలు తెచ్చే బ్రూసెల్లా రోగం టీకా మాత్రం వద్దు. అది పెయ్యలకే, కోడెకి వేస్తే వృషణాలు వాచే ప్రమాదం ఉంది. స్టేషన్ నిబంధనల కాగితం ఇవాళే మీ వెట్‌కి చూపించండి.