టెక్ సందేహాలు: స్కానర్ ‘అంతా క్షేమం’ అంటోంది, స్టీరింగ్ వణుకుతోంది

ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల గురించి అడిగే పాఠకులు ఈమధ్య కార్ల గురించీ రాస్తున్నారు. డాష్‌బోర్డు కింద తగిలించి, కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపాల కోడ్‌లను ఫోనులో చూపే చిన్న బ్లూటూత్ ఓబీడీ స్కానర్ చౌకగా దొరకడమే ఇందుకు కారణమని నా అనుమానం. ఈ వారం అన్నీ స్టీరింగ్ సందేహాలే.

ప్రశ్న: కారు 80 దాటగానే స్టీరింగ్ వణుకుతోంది. 100 దగ్గర మరీ ఎక్కువ, ఆపైన కొంత తగ్గుతోంది. స్కానర్ పెడితే ఒక్క ఎర్రర్ కోడ్ కూడా రాలేదు. కొన్న స్కానర్ నాసిరకమా? (ఖమ్మం)

పాపం, దాని తప్పేమీ లేదు. వైర్లలో నడిచే సమాచారాన్నే అది చదవగలదు. చక్రం బరువు అన్ని వైపులా సమంగా ఉండేందుకు రిమ్ముకు అంటించిన బ్యాలెన్సింగ్ ముక్క ఊడిపోయిందని చెప్పే సెన్సర్ మామూలు కార్లలో ఉండదు.

మీ ఫోనులో మాత్రం వణుకును కొలిచే సెన్సర్ ఉంది. జర్మనీలోని ఆఖెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం రూపొందించిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్, ఆ వణుకు సెకనుకు ఎన్నిసార్లు వస్తోందో గ్రాఫు గీసి చూపిస్తుంది. ఫోనును గేరు దగ్గరున్న అరలో కదలకుండా పెట్టి, 90 వేగంలో పక్క సీటులోని వారితో కొలిపించండి. డ్రైవరు చూడవలసింది రోడ్డునే.

లెక్క చిన్నదే. గంటకు 90 కిలోమీటర్లంటే సెకనుకు 25 మీటర్లు. 175/65 ఆర్14 టైరు చుట్టుకొలత సుమారు 1.83 మీటర్లు కాబట్టి చక్రం సెకనుకు దాదాపు 13.7 చుట్లు తిరుగుతుంది. గ్రాఫులో శిఖరం 13, 14 హెర్ట్జ్ (అంటే సెకనుకు అన్నిసార్లు) మధ్య లేస్తే దోషం చక్రాల వైపే ఉందన్నమాట. బ్యాలెన్సింగ్ పోయి ఉండాలి, లేదా గుంతలో పడి రిమ్ము సొట్టపోయి ఉండాలి, లేదా టైరు ఉబ్బి ఉండాలి. ఇంజిన్ అయితే 2,400 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర సెకనుకు 40 చుట్లు తిరుగుతుంది. రెండు అంకెలకూ ఎక్కడా పొంతన లేదు కనుక పొరబడే అవకాశం తక్కువ.

ఒక వేగంలో పెరిగి, ఆపైన తగ్గే వణుకు చాలావరకు బ్యాలెన్సింగ్ లోపమే. షాపులో ‘అలైన్‌మెంట్ చేయండి’ అని అడగకండి, అది చక్రాలు నిలబడే కోణాలను సరిచేసే వేరే పని. స్టీరింగ్ నిలకడగా ఉండి సీటు మాత్రమే అదిరితే వెనక చక్రాలను, బ్రేకు తొక్కినప్పుడే స్టీరింగ్ వణికితే ముందు బ్రేకు డిస్కులను చూపించండి.

ప్రశ్న: బండి ఎడమకు లాగుతోంది. రెండుసార్లు కంప్యూటర్ అలైన్‌మెంట్ చేయించాను. కాగితంలో అన్నీ పచ్చ రంగులోనే ఉన్నాయి. మెరుగైన యంత్రం ఉన్న చోటికి వెళ్లాలా? (రాజమహేంద్రవరం)

యంత్రం మార్చే ముందు నా కథ వినండి. నా కారుకు ఒకే ఏడాదిలో మూడుసార్లు అలైన్‌మెంట్ చేయించాను. ప్రతిసారీ తెర మీద పచ్చ అంకెలు, పదిహేను రోజులకు మళ్లీ పాత పాటే. నాలుగోసారి ఒక పెద్దాయన కంప్యూటర్ ఆన్ చేయకుండానే జాకీ ఎత్తి, చక్రాన్ని రెండు చేతులతో ఊపి, “కొలతలో తప్పులేదండీ, టై రాడ్ ఎండ్ అరిగిపోయింది” అన్నాడు. స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ చివరి కీలు అది. ఆ మూడు బిల్లులూ ఇప్పటికీ దాచుకున్నాను, పొగరు తగ్గడానికి.

యంత్రం కొలిచేది నిలబడి ఉన్న బండిని. కీలు వదులైతే, బండి పరుగెత్తేటప్పుడు చక్రం తన ఇష్టం వచ్చినట్టు జరుగుతుంది. అందుకే అలైన్‌మెంట్ ఎప్పుడూ చివరి పని.

మొదట టైర్లు చల్లగా ఉన్నప్పుడు, డ్రైవరు తలుపు దగ్గరున్న స్టిక్కర్ ప్రకారం గాలి పట్టించండి. మన రోడ్లు నీళ్లు జారడానికి అంచులవైపు వాలుగా ఉంటాయి, మనం ఎడమ పక్కన నడుపుతాం. కాబట్టి చేయి వదిలితే బండి కొంచెం ఎడమకు జరగడం రోగం కాదు. ఇంకా గట్టిగా లాగుతుంటే ముందు టైర్లను అటుదిటు, ఇటుదటు మార్చండి (తిరిగే దిశను చూపే బాణం గుర్తున్న టైర్లను ఇలా మార్చకూడదు). లాగడం కుడికి తిరిగితే దోషం టైరుదే. ఏ మార్పూ లేకపోతే పది కిలోమీటర్లు నడిపి, ముందు రెండు చక్రాల దగ్గరా చేయి పెట్టి వేడి చూడండి, లోహాన్ని తాకవద్దు. ఒకటి పెనంలా కాలుతుంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉంది.

ఆ తర్వాతే జాకీ. చదునైన నేల మీద, వెనక చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, బండి కిందికి దూరకుండా చేయండి. చక్రాన్ని గడియారం అనుకుని 9, 3 అంకెల దగ్గర పట్టుకుని ఊపితే టక్కుమని ఆడిందంటే టై రాడ్ ఎండ్‌నో, దాని లోపలి రాక్ ఎండ్‌నో అనుమానించాలి. 12, 6 దగ్గర ఆడితే చక్రం బేరింగ్ లేదా లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్ (చక్రాన్ని కింది చేతికి కలిపే గుండ్రటి కీలు). ఈ రెండింటిలో ఏదో తేల్చడానికి ఒక చిట్కా ఉంది: ఎవరినైనా బ్రేకు తొక్కి ఉంచమని చెప్పి మళ్లీ ఊపండి. ఆట మాయమైతే బేరింగ్, అలాగే ఉంటే బాల్ జాయింట్. బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకు పడిపోతుంది, ఆ రిపేరు వాయిదా వేయకండి.

ప్రశ్న: ఉదయం బండి తీయగానే పసుపు రంగు ఈపీఎస్ దీపం వెలిగి స్టీరింగ్ బిగుసుకుంటోంది. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలే. యాప్‌లో తప్పేమీ లేదు. (కర్నూలు)

మీ యాప్ చూస్తున్నది బహుశా ఇంజిన్ కంప్యూటర్‌ను మాత్రమే. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్‌కు (ఈపీఎస్ అంటే అదే) విడిగా కంప్యూటర్ ఉంటుంది, దాని కోడ్‌లు చదవడానికి చాలా కార్లలో ఆ కంపెనీ సాఫ్ట్‌వేరే కావాలి. అయినా మీ స్కానర్ వోల్టేజీ చూపిస్తుంది, ఇక్కడ అది చాలు. రాత్రంతా ఆగిన బండిలో బ్యాటరీ 12.4 నుంచి 12.6 వోల్టుల వరకు ఉండాలి, ఇంజిన్ నడుస్తుంటే సాధారణంగా 13.5కు పైన. ఈపీఎస్ మోటారు గట్టిగా కరెంటు లాగుతుంది. నీరసించిన బ్యాటరీతో అది మొదటే చేతులెత్తేస్తుంది. బ్యాటరీ టెర్మినళ్లకు తెల్లటి బూజు పట్టిందేమో చూడండి. దీపం వెలిగినా స్టీరింగ్ తిరుగుతుంది, బరువుగా మాత్రమే ఉంటుంది.

ప్రశ్న: కొత్త కారు. హైవే మీద లేన్ మారబోతే స్టీరింగ్ వెనక్కి గుంజుతోంది. (హైదరాబాద్)

ఇండికేటర్ వేయకుండా లేన్ మారుతున్నారు! ముందు గాజు అద్దం వెనకున్న కెమెరా తెల్లగీతను చూసి మిమ్మల్ని లోపలికి నెడుతోంది. ఇండికేటర్ వేసినా గుంజుతుంటే సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. ఆ ముందు గాజు అద్దం మార్పించి ఉంటే కెమెరాను మళ్లీ క్యాలిబ్రేట్ చేశారా (సరిగ్గా చూసేలా సరిదిద్దారా) అని అడగండి. రోడ్డు పనుల దగ్గర పాత గీతలు, కొత్త గీతలు కలిసిపోయి ఉంటాయి. అక్కడ ఆ ఫీచర్‌ను ఆపేయడమే మంచిది.

ప్రశ్న: తాళంచెవి తిరగడం లేదు, స్టీరింగ్ బిగుసుకుపోయింది. (సిద్దిపేట)

అది దొంగలను ఆపడానికి పెట్టిన లాక్. స్టీరింగ్‌ను మెల్లగా అటూ ఇటూ కదుపుతూ తాళం తిప్పండి.