సిగ్నల్స్ విభాగం నుంచి ప్రభుత్వ ఐటీ నాయకత్వానికి దారి ఉందా?

సైన్యంలో సమాచార సంబంధాలు చూసే సిగ్నల్స్ విభాగంలో అధికారిగా ఉండి త్వరలో విరమణ పొందనున్న తన అన్నయ్య, ప్రభుత్వ ఐటీ ఆధునికీకరణలో పెద్ద బాధ్యతకు ఎదగగలరా అని కావలి నుంచి ఒకరు అడిగారు. తప్పకుండా ఎదగగలరు, అయితే ఆయనకు అసలు బలం సాంకేతిక జ్ఞానం ఒక్కటే కాదని నా అభిప్రాయం.

మన రాష్ట్రంలో 1998లో రిజిస్ట్రేషన్ కార్యాలయాలకు కంప్యూటర్లు వచ్చాయి, 2011లో మీసేవ, 2015లో భూమి రికార్డుల వెబ్‌సైట్ మీభూమి మొదలయ్యాయి. ఇలాంటి మార్పుల్లో కష్టమంతా పాత రికార్డును కొత్త వ్యవస్థలోకి తప్పుల్లేకుండా చేర్చడంలోనే ఉంటుంది. గ్రామ సాగు రికార్డైన అడంగల్‌లో ఇంటిపేరు ఒకలా, పట్టాదారు పాసుపుస్తకంలో మరోలా ఉంటే, ఆ తేడాను సరిచేయకుండా ఎక్కించిన సమాచారం వల్ల ఉదయగిరి నుంచి బస్సెక్కి వచ్చిన రైతు పని కాక వెనుదిరగవలసి వస్తుంది, ఆ బాధ చిన్నది కాదు. అందుకే కొత్తది నిలదొక్కుకునేవరకు పాతదాన్ని కూడా నడపడం, ఒక లైను తెగితే మరొకటి సిద్ధంగా ఉంచడం అవసరం. సిగ్నల్స్‌లో పనిచేసినవారికి ఇది అలవాటైన విషయమే.

వారికి సాధారణంగా కొరవడేవి టెండర్లు, ఒప్పందాలు, పౌర శాఖల మధ్య సమన్వయం. విరమణకు ముందే రక్షణ శాఖ పునరావాస డైరెక్టరేట్ ద్వారా ఐఐఎంలలో అధికారులకు జరిగే 24 వారాల మేనేజ్‌మెంట్ కోర్సును ఆయన చేయడం మంచిది. ఆ తరువాత నేరుగా పెద్ద పదవిని వెతకకుండా, ప్రభుత్వ పనులు చేపట్టే సంస్థలో ఒక ప్రాజెక్టును మొదటినుంచి చివరిదాకా నడిపిన అనుభవం సంపాదించమనండి.