స్పానిష్ నేర్చుకుంటున్న మా చిట్టితల్లికి

చిట్టితల్లీ,

నీ స్పానిష్ హోంవర్క్ చూశాను. నాకు కాఫీ నచ్చుతుంది అనడానికి నువ్వు రాసిన ‘యో గుస్తో ఎల్ కఫే’ని టీచర్ కొట్టేశారని టెన్షన్ పడకు. ఇంగ్లిష్‌లో ఆలోచించేవాళ్ళు ముందు తడబడేది అక్కడే. ‘ఐ లైక్’ని మాటకి మాట దింపేస్తారు. హ్యూస్టన్‌లో మందుల షాపులో చేరిన కొత్తలో నేనూ అంతే.

ఒకరోజు ఒక మెక్సికన్ పెద్దావిడ నుదురు పట్టుకుని ‘మే దుయెలే లా కబేసా’ అంది. నాకు తల నొప్పెడుతోంది అని. కాసేపాగి పాదాలు చూపించి ‘మే దుయెలెన్ లోస్ పియెస్’ అంది. తల ఒకటి కాబట్టి దుయెలే, పాదాలు రెండు కాబట్టి దుయెలెన్. మనం నొప్పెడుతోంది, నొప్పెడుతున్నాయి అంటాం కదా, అచ్చం అలాగే! ఆ రోజు నుంచి స్పానిష్ వాక్యాన్ని తెలుగు పక్కన పెట్టి చూసుకోవడం మొదలుపెట్టాను.

నువ్వూ అలా చూడు. నాకు కాఫీ నచ్చుతుంది: మే గుస్తా ఎల్ కఫే. నాకు మామిడిపళ్ళు నచ్చుతాయి: మే గుస్తాన్ లోస్ మాంగోస్. ఇక్కడ కర్త నువ్వు కాదు, నచ్చిన వస్తువు. అమ్మతో తెలుగులో రోజూ ఇలాగే మాట్లాడుతున్నావు.

ప్రతి వాక్యానికీ ‘యో’ (నేను) తగిలించకు. మాట్లాడతాను అంటే చాలు, ‘నేను’ అందులోనే ఉంది. స్పానిష్‌లో దానికి ‘ఆబ్లో’, అదీ అంతే. నొక్కి చెప్పాల్సినప్పుడే యో.

ఇల్లు చూస్తున్నాను అంటావు, అమ్మను చూస్తున్నాను అంటావు. మనిషి దగ్గర ఆ ‘ను’ వచ్చినట్టే స్పానిష్‌లో ‘ఆ’ వస్తుంది. బేఓ లా కాసా, బేఓ ఆ మి మాద్రే. ఇంగ్లిష్‌లో ఈ తేడా కనిపించదు, అందుకే మీ క్లాసులో అందరూ దాన్ని వదిలేస్తారు.

ఇంగ్లిష్ ‘ఈజ్’కి స్పానిష్‌లో రెండు మాటలున్నాయి, ఎస్, ఎస్తా. వాటి దగ్గర మాత్రం తెలుగును పూర్తిగా నమ్మకు. ‘ఆయన డాక్టర్’లో క్రియ లేదు, అక్కడ ఎస్. ‘ఇంట్లో ఉన్నాడు’కి ఎస్తా. ఇంతవరకూ బాగానే కలుస్తుంది. కానీ ‘పొడుగ్గా ఉంటాడు’కి ఎస్ ఆల్తో అనాలి. ఇంకో తేడా: మనం ‘తెల్ల ఇల్లు’ అంటాం, స్పానిష్‌లో విశేషణం సాధారణంగా నామవాచకం తర్వాత వస్తుంది: కాసా బ్లాంకా. ఇది నోటికి పట్టేదాకా పైకి చదవడమే.

ఆదివారం ఫోన్ చేసినప్పుడు నీకు నచ్చేవి అయిదు స్పానిష్‌లో చెప్పు. ఏకవచనం, బహువచనం కలిసి ఉండాలి, గుస్తా, గుస్తాన్ రెండూ వినాలి నేను.

ప్రేమతో,
పెద్దమ్మ