చిన్నీ, ఆర్డర్ పెట్టేముందు ఇది చదువు

చిన్నీ,

నువ్వు సొంతంగా పీసీ బిల్డ్ చేసుకుంటున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఒక పక్క మురిసిపోతున్నాడు, ఇంకో పక్క "అక్కా, ఎస్‌ఎంపీఎస్ సంగతి నువ్వే చెప్పు, నేను చెప్తే వినదు" అంటున్నాడు. వాడి టెన్షన్ ఎందుకో నాకు తెలుసు. నీకే ఎవరూ చెప్పలేదు. చెప్తాను గానీ ముందు నువ్వు పంపిన లిస్టు సంగతి తేలాలి.

గ్రాఫిక్స్ కార్డు మీద అరపేజీ రాశావు. ఫ్యాన్ల లైట్లు ఏ రంగులో వెలగాలో కూడా రాశావు. ఎస్‌ఎంపీఎస్ దగ్గరికొచ్చేసరికి "ఏదో ఒక 650 వాట్స్" అట! ఏదో ఒకటి ఏమిటే? లోపలున్న ప్రతి పార్టుకూ కరెంటు దాని నుంచే వెళ్లాలి.

మానిటర్ ఊసే లేదు. మానిటర్ తేల్చుకోకుండా కార్డు ఎంచుకోవడం తలకిందుల పని. 1920×1080 స్క్రీన్ మీద దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. 2560×1440 అయితే 36.9 లక్షలు, 4కే అయితే 83 లక్షలు. ప్రతి ఫ్రేముకూ కార్డు అన్నింటినీ గీయాలి. నువ్వు 1080 మానిటరే ఉంచుకునేటట్టయితే అంత కార్డు దండగ. మిగిలిన డబ్బుతో మంచి మానిటర్ కొనుక్కో, కళ్లకైనా సుఖం.

ఇంకోటి. ప్రాసెసర్‌కి ఏఎం5 బోర్డు (ఏఎం5 అంటే ఏఎండీ ప్రాసెసర్ కూర్చునే సాకెట్ రకం) రాసి, ర్యామ్ మాత్రం నాన్న పాత మెషీన్‌లోంచి తీసి పెడతానన్నావు. అది డీడీఆర్4, పాత తరం ర్యామ్. 2022లో వచ్చిన ఏఎం5 డీడీఆర్5 తప్ప ఇంకేదీ తీసుకోదు. ర్యామ్ అంచున ఉండే గాడి కూడా వేరే చోట ఉంటుంది, బలవంతంగా నొక్కితే స్లాటే విరుగుతుంది. కొత్త ర్యామ్ రెండు స్టిక్కులుగా తీసుకుని, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్‌లో ఒకటి, నాలుగో దాంట్లో ఒకటి పెట్టు. కొన్ని బోర్డుల్లో వేరేగా ఉండొచ్చు, మాన్యువల్ చూసుకో.

ఈ పిచ్చి నీకు ఎక్కడి నుంచి వచ్చిందో అడగక్కర్లేదు. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ వచ్చింది. బోర్డు మీద డేటా నడిచే దారిని బస్సు అంటారు, దాని వేగాన్ని మల్టిప్లయర్ అనే అంకెతో గుణిస్తే ప్రాసెసర్ వేగం వస్తుంది. ఆ మల్టిప్లయర్ 4.5 దగ్గర లాక్ అయి ఉండేది గానీ, బస్సు వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి మార్చే వీలుండేది. మారిస్తే 300 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ 450 దగ్గర పరిగెత్తేది. అన్నీ పరిగెత్తేవి కావు, మాది పరిగెత్తింది. ఆ రాత్రి మీ నాన్న నిద్రపోలేదు, నన్ను నిద్రపోనివ్వలేదు. తర్వాత వచ్చిన ఏఎండీ అథ్లాన్ ప్రాసెసర్లకు పైన లోహపు మూత ఉండేది కాదు, సిలికాన్ బయటికే కనబడేది. వేడిని లాగేసే హీట్‌సింక్ క్లిప్పు స్క్రూడ్రైవర్‌తో నొక్కేటప్పుడు మూల చిట్లితే ప్రాసెసర్ పోయినట్టే. వాడు బిగిస్తుంటే నేను టార్చి పట్టుకుని ఊపిరి బిగబట్టేదాన్ని. ఇప్పుడు ఆ గండం లేదు. ప్రాసెసర్ కింద పిన్నులు కూడా లేవు. ఏఎం5లో 1718 పిన్నులూ మదర్‌బోర్డు సాకెట్‌లోనే ఉంటాయి, వాటిని వేలితో తాకకపోతే చాలు. పైన ఉండే ప్లాస్టిక్ మూతని నువ్వు పీకొద్దు, ప్రాసెసర్ పెట్టి లీవర్ దించితే అదే ఊడొస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి.

నీ చిన్నప్పటి ఫోటోలు ఇల్లు మారేటప్పుడు పోయాయని నీకు చెప్పారు కదా. అది అబద్ధం. నీకు నాలుగేళ్లప్పుడు మీ నాన్న తన పీసీకి కొత్త ఎస్‌ఎంపీఎస్ కొన్నాడు. పాతదీ కొత్తదీ రెండూ మాడ్యులర్‌వే, అంటే కేబుళ్లన్నీ ఊడదీసి పెట్టుకునే రకం. పాత కేబుళ్లను క్యాబినెట్ వెనకాల ఎంతో ముచ్చటగా కట్టి పెట్టుకున్నాడు. అదంతా మళ్లీ విప్పడం ఎందుకని, హార్డ్ డిస్కులకు వెళ్లే సాటా పవర్ కేబుల్‌ని అలాగే ఉంచేసి, దాని రెండో కొసని కొత్త ఎస్‌ఎంపీఎస్‌లో గుచ్చాడు. చక్కగా పట్టింది. స్విచ్ వేశాడు. టక్కుమని ఒక్క చప్పుడు, ఆ వెంటనే కాలిన వాసన.

డిస్క్ వైపు కొస అన్ని కంపెనీలకూ ఒక్కటే, దానికి ప్రమాణం ఉంది. ఎస్‌ఎంపీఎస్ వైపు కొసకి ఏ ప్రమాణమూ లేదు. ఏ పిన్నులో 5 వోల్టులు, ఏ పిన్నులో 12 వోల్టులు పంపాలో ఎవరిష్టం వాళ్లది. ఒకే కంపెనీలో కూడా ఒక మోడల్‌కీ ఇంకో మోడల్‌కీ తేడా ఉండొచ్చు. ప్లగ్గు ఆకారం సరిపోయింది కదా అని లోపలి వైరింగ్ సరిపోదు. 5 వోల్టులు రావాల్సిన చోట 12 వోల్టులు వచ్చాయి.

రెండు డిస్కులున్నాయి. ఒకదాంట్లో మీ నాన్న పని, నీ ఫోటోలు. రెండోదాంట్లో వాటి బ్యాకప్. బ్యాకప్ ఉందని వాడికి ధీమా. కానీ అది కూడా అదే క్యాబినెట్‌లో, అదే కేబుల్ మీద ఉంది. రెండూ ఒకేసారి పోయాయి.

వాడు అదే మోడల్ డిస్క్ ఇంకోటి వెతికి తెచ్చి, కింద ఉండే సర్క్యూట్ బోర్డు మార్చి చూశాడు. పని చేయలేదు. ప్రతి డిస్క్‌కీ దాని సొంత కొలతలు ఆ బోర్డు మీద ఒక చిన్న చిప్‌లో రాసి ఉంటాయి, ఆ చిప్‌ని కూడా కొత్త బోర్డుకి మార్చాలి. డేటా రికవరీ వాళ్లు మార్చారు. ఒక డిస్క్ తిరిగింది, పని తాలూకు ఫైళ్లు కొన్ని వచ్చాయి, ఫోటోల ఫోల్డర్ దాకా చదవలేకపోయింది. రెండోదాంట్లో లోపల, డేటా చదివే హెడ్ల దగ్గరుండే చిప్ కూడా మాడిపోయింది. అంతే. నువ్వు మొదటిసారి నడిచిన వీడియో కూడా అందులోనే ఉంది. మీ అమ్మకి చెప్పడానికి వాడికి వారం పట్టింది. ఇదంతా నేను చెప్పానని తెలిస్తే నామీద అలుగుతాడు, అలగనీ. నువ్వు మాత్రం వాడిని ఏమీ అనకు. ఇప్పటికే వాడిని వాడు చాలా అనుకున్నాడు.

కాబట్టి కొత్త ఎస్‌ఎంపీఎస్ డబ్బాలో వచ్చిన కేబుళ్లే వాడు. నాన్న అల్మరాలో దాచిన ఆ కేబుళ్ల మూట జోలికి వెళ్లకు. 80 ప్లస్ గోల్డ్ అని రాసుంటే చాలనుకోకు. కరెంటు ఎంత తక్కువ వృథా చేస్తుందో చెప్పే ముద్ర అది. షార్ట్ అయితే టక్కున ఆగుతుందా లేదా అన్నది ఆ ముద్ర చెప్పదు, దాన్ని విప్పి పరీక్షించిన రివ్యూలు చదవాలి. ప్రాసెసర్‌కి వెళ్లే 8 పిన్నుల ప్లగ్గూ, గ్రాఫిక్స్ కార్డు 8 పిన్నుల ప్లగ్గూ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి, లోపల ప్లస్సూ గ్రౌండూ తారుమారు. గట్టిగా తోయాల్సి వస్తోందంటే ఆగి మళ్లీ చూడు. నీ కార్డుకి 16 పిన్నుల కొత్త కనెక్టర్ ఉంటే మాత్రం సందు కనబడకుండా పూర్తిగా లోపలికి నొక్కాలి. 2022లో ఆర్‌టీఎక్స్ 4090 గ్రాఫిక్స్ కార్డు వచ్చిన కొత్తలో అది సరిగ్గా కూర్చోక కొందరి ప్లగ్గులు కరిగిపోయాయి.

మిగతా బిగింపు నువ్వు చేసేస్తావు. మదర్‌బోర్డు కింద ఇత్తడి స్టాండాఫ్‌లు (బోర్డుని క్యాబినెట్‌కి తగలకుండా ఎత్తి పట్టే చిన్న కాళ్లు) స్క్రూ రంధ్రాలున్న చోటే ఉండాలి, అదనంగా ఒక్కటున్నా షార్ట్ అవుతుంది. కూలర్ అడుగున అంటించిన ప్లాస్టిక్ పొర తీసెయ్యి (నవ్వకు, ఎంతమంది మర్చిపోతారో!). మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డులో పెట్టు, బోర్డులో కాదు.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు స్క్రీన్ నల్లగానే ఉంటుంది. డీడీఆర్5 ర్యామ్‌ని బోర్డు పరీక్షించి సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. కంగారుపడి స్విచ్ ఆపేసి అన్నీ విప్పకు. తెరమీద బొమ్మ వచ్చాక బయాస్‌లో (బోర్డు సెట్టింగులుండే చోట) ఎక్స్‌పో అనే ర్యామ్ సెట్టింగ్ ఆన్ చెయ్యి, లేకపోతే డబ్బు పోసి కొన్న ర్యామ్ తక్కువ వేగంతో నడుస్తుంది.

బోర్డు మీదే నేరుగా గుచ్చే ఎం.2 ఎస్‌ఎస్‌డీకి విడిగా పవర్ కేబుల్ ఉండదు, బోర్డు నుంచే తీసుకుంటుంది. దాని గురించి నాకు దిగుల్లేదు. నువ్వు తగిలిస్తానంటున్న నీ పాత హార్డ్ డిస్క్ గురించే నా భయమంతా. మెషీన్ రెండు మూడు రోజులు బాగా నడిచేదాకా దాన్ని తగిలించకు. తగిలించే ముందు అందులో ఉన్నవన్నీ ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ డిస్క్‌ని క్యాబినెట్ బయట, ఏ వైరూ లేకుండా పెట్టు.

ఎస్‌ఎంపీఎస్ పూర్తి మోడల్ పేరు నాకు పంపు. వాట్స్ ఒక్కటీ రాసి పంపితే ఊరుకోను. ఈ ఆదివారం లోపల చూసి చెప్తాను, అప్పటిదాకా ఆర్డర్ పెట్టకు.

మీ అత్త