కార్బాయ్‌లోంచి కార్బాయ్‌లోకి వాక్యూమ్‌తో వైన్ లాగాలంటే పంప్ కన్నా ముందు గేజ్ చూసుకోండి

మీరడిగింది ఇదీ కదండి, టెక్సాస్‌లో ఇంట్లో ద్రాక్షతో వైన్ పెడుతున్నారు, 6 గ్యాలన్ల గాజు కార్బాయ్‌లు, అంటే సన్న మూతి పెద్ద సీసాలు, నడుం పట్టేసి వాటిని బల్ల మీదకి ఎత్తలేకపోతున్నారు, ఏసీ రిపేరు వాళ్ళు వాడే వాక్యూమ్ పంప్ ఒకటి గ్యారేజీలో పడుంది, దాంతో ఒక సీసాలోంచి ఇంకో సీసాలోకి లాగెయ్యొచ్చా, గాజు పేలిపోతుందా అని. లాగెయ్యొచ్చండి, శుభ్రంగా. ఆ పంప్‌తో మాత్రం వద్దు. ఎందుకో చెప్తాను, కాస్త పెద్దగానే ఉంటుంది.

మాది కోనసీమలో అంబాజీపేట పక్కన. కొబ్బరి కొట్టి ఎండబెట్టేవాళ్ళు పారబోసే ముదురు కాయ నీళ్ళతో వెనిగర్ చేస్తాం, ఫుడ్ లైసెన్సు తీసుకున్న చిన్న యూనిట్. వైన్ కాదండోయ్, ఇక్కడ లైసెన్సు లేకుండా ఇంట్లో వైన్ పెట్టడం ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం, ద్రాక్షైనా నేరేడైనా ఒకటే, కాబట్టి ఇది చదివి మన వైపు వాళ్ళెవరూ సీసాలు కొనేసుకోకండి. మీకక్కడ ఫెడరల్ రూల్ ప్రకారం ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా సొంత వాడకానికి చేసుకోవచ్చు, అమ్మకూడదు అంతే. అయితే చెయ్యాల్సిన పని మాత్రం ఒకటేనండి. ముదురు కొబ్బరి నీళ్ళలో తీపి 2, 3 శాతమే ఉంటుంది, పంచదార కలిపి 10 శాతం దగ్గరికి తెచ్చి ఈస్ట్ వేస్తాం, అది పులిసి ఆగాక అడుగున మడ్డి దిగుతుంది, పైన తేటని వేరే గాజు సీసాలోకి మార్చి అప్పుడు తల్లి వెనిగర్, అంటే బ్యాక్టీరియా బతికున్న పాత వెనిగర్ కలుపుతాం. ఆ తేట తీసే పనే మీరు చేసేదీను, అదే మేం వాక్యూమ్‌తో చేస్తున్నాం.

6 గ్యాలన్లంటే దాదాపు 23 లీటర్లు, గాజు బరువుతో కలిపి 30 కేజీల దాకా వస్తుంది, మూతి దగ్గర తడి, పట్టు దొరకదు. మెడకి బిగించే ఇనప హ్యాండిల్ ఉంటుంది చూశారా, అది ఖాళీ సీసా మోసుకోవడానికే, నిండు సీసా దాంతో ఎత్తితే మెడ దగ్గరే విరగొచ్చు. పోనీ ఎలాగో ఎత్తి బల్ల మీద పెట్టారనుకోండి, నెల రోజులు దిగిన మడ్డి మొత్తం మళ్ళీ లేచిపోతుంది, ఇంక మార్చి ఏం లాభం. నా లెక్కలో వాక్యూమ్ వల్ల అసలు లాభం నడుం కన్నా ఇదే, సీసా ఉన్నచోటు నుంచి కదలదు.

ఇప్పుడు వాక్యూమ్ ఎంత కావాలి అన్నది. అందరూ పంప్ ఎంత గట్టిదైతే అంత మంచిది అనుకుంటారండి, అక్కడే వస్తుంది చిక్కు. కాలవలోంచి పొలానికి ఇంజను పెట్టి నీళ్ళు తోడినట్టే ఇదీను, పంప్ నీటిని లాగదు, పైపులో గాలి తీసేస్తే బయట గాలి బరువు నీటిని పైకి తోస్తుంది. ఆ గాలి బరువు మొత్తం 760 మిల్లీమీటర్ల పాదరసం. నీటిని ఒక మీటరు ఎత్తడానికి అందులో 74 చాలు, వైన్‌కీ ఇంచుమించు అంతే. అంటే నేల మీద నుంచి బల్ల మీదకి ఎత్తాలన్నా, ధార చురుగ్గా రావాలని ఇంకాస్త కలుపుకున్నా 125 నుంచి 150 మధ్యలో పనైపోతుంది. మీ గేజ్ అంగుళాల్లో ఉంటే 5, 6. అసలు బల్ల మీదకి ఎందుకండీ, రెండు కార్బాయ్‌లూ నేల మీదే పక్కపక్కన పెట్టుకోండి, అప్పుడు వైన్ ఎక్కాల్సింది సీసా మూతి ఎత్తే కదా, అరమీటరు చిల్లర, ఇంకా తక్కువ వాక్యూమ్ సరిపోతుంది. మేమలాగే చేస్తాం.

మీ ఏసీ పంప్ దగ్గర తేడా ఇక్కడే. అది ఏసీ పైపుల్లో గాలి, తేమ చివరి చుక్క దాకా లాగెయ్యడానికి చేసిన పంప్, ఆపేవాళ్ళు లేకపోతే 150 దగ్గర ఆగదు, దాదాపు 760 దాకా పోతుంది. అప్పుడు గాజు మీద ప్రతి చదరపు సెంటీమీటరుకీ ఒక కేజీ బరువు పడుతుంది, అంటే మీ అరచేతంత మేర, పది సెంటీమీటర్లకి పది సెంటీమీటర్లు అనుకోండి, అక్కడ వంద కేజీలు, సీసా చుట్టూ అన్ని వైపులా. అదే 150 దగ్గరైతే అంతే మేరకి 20 కేజీలు. మీ కార్బాయ్ వాక్యూమ్ కోసం చేసింది కాదు, ల్యాబుల్లో ఫిల్టర్ ఫ్లాస్కులు అంత మందంగా ఉండేది అందుకే. బాగున్న సీసా తట్టుకోవచ్చు, కంటికి కనపడని గీత ఉన్నది లోపలికి కూలుతుంది, కూలిన గాజు లోపలే ఉండిపోదు, బయటికీ ఎగురుతుంది. రెండోది, అది నూనె పంప్. వైన్‌లోంచి వచ్చే తేమ, ఆల్కహాల్ ఆవిరి నూనెలో కలిసి నూనె తెల్లగా మజ్జిగలా అయిపోతుంది, గదంతా నూనె పొగ వాసన. మూడోది అన్నిటికన్నా అన్యాయం, స్విచ్ ఆపగానే సీసాలో ఇంకా వాక్యూమ్ ఉంటుంది కాబట్టి అది పంప్ వైపు నుంచి గాలిని, ఒక్కోసారి నూనెని కూడా వెనక్కి లాక్కుంటుంది. ఇన్ని నెలలు చేసిన వైన్‌లోకి ఇంజనాయిల్ లాంటిది ఎందుకండీ.

మేం వాడేది ఆసుపత్రిలో కఫం లాగే సక్షన్ మెషీన్. నవ్వకండి, ఈ పనికి దాన్ని మించింది లేదు. వాక్యూమ్ గేజ్ ఉంటుంది, ఎంత కావాలో తిప్పుకునే నాబ్ ఉంటుంది, జాడీలో ఫ్లోట్ ఉంటుంది, ద్రవం పైకొస్తే అదే మూసేస్తుంది. రాజమండ్రి, కాకినాడ సర్జికల్ షాపుల్లో దొరుకుతాయి, మీకక్కడ మెడికల్ ఆస్పిరేటర్ అని వెతకండి, ఆయిల్ ఫ్రీ అని చూసి తీసుకోండి. కాలితో తొక్కేది కూడా ఉందండి, మాకు కరెంటు పోయినప్పుడు అదే దిక్కు. సెకండ్ హ్యాండ్‌ది చవగ్గా వచ్చిందనుకోండి, మెషీన్ ఒక్కటే ఉంచుకుని జాడీలు, ట్యూబులు, ఫిల్టరు పారేసి కొత్తవి వేసుకోండి, ఎవరి ఊపిరితిత్తుల్లోంచి ఏం లాగిందో మనకెందుకు.

బిగించడం ఎలాగంటే, నింపాల్సిన ఖాళీ కార్బాయ్‌కి రెండు కన్నాల రబ్బరు కార్కు. ఒక కన్నంలోంచి వైన్ వచ్చే ట్యూబు, సీసా అడుగు దాకా దిగాలి, పైనుంచి ధారగా పడకూడదు. రెండో కన్నంలో పొట్టి ట్యూబు, కార్కు కిందకి అరంగుళం వస్తే చాలు, అది పంప్ వైపు పోతుంది. పంప్‌కి ముందు మధ్యలో ఒక ఖాళీ ట్రాప్ సీసా ఉండాలి, పొరపాటున పొంగిన వైన్ పంప్‌లోకి పోకుండా అందులో పడుతుంది, సక్షన్ మెషీన్‌కి దాని జాడీయే ట్రాప్. వైన్ ఉన్న పాత సీసాకి మాత్రం మూతి ఎప్పుడూ తెరిచే ఉంచాలి, ఎయిర్‌లాక్, అదే గ్యాస్‌ని బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని బిరడా, తీసెయ్యండి, పైన శుభ్రమైన గుడ్డ కప్పండి చాలు. మూతి బిగించేసి రాకపోతే పంప్ పాడైందని ఫోన్ చేసినవాళ్ళున్నారు. పంప్ వైపు ట్యూబు మందంగా ఉండాలి, పల్చటి సిలికాన్ ట్యూబు వాక్యూమ్‌కి అతుక్కుపోతుంది.

నేను పంప్ లైన్‌లో ఒక టీ జాయింటు కూడా పెడతానండి, మూడో కాలు ఊరికే తెరిచి ఉంటుంది. దాని మీద బొటనవేలు పెడితే వైన్ ఎక్కడం మొదలవుతుంది, వేలు తీస్తే సీసాలోకి గాలొచ్చి లాగడం ఆగిపోతుంది. అయితే పాత సీసాలో మట్టం ఎక్కువున్నంత సేపూ సైఫన్, అంటే ఎత్తు మట్టం నుంచి పల్లానికి ట్యూబులో పారే ధార, దానంతట అదే నడుస్తుంది, పూర్తిగా ఆపాలంటే వైన్ ట్యూబుకి క్లిప్పు వెయ్యాలి. పని అయ్యాక వరస కూడా ఇదే, ముందు వేలు తీసి గేజ్ సున్నాకి రానిచ్చి ఆ తర్వాతే స్విచ్ ఆపాలి, అప్పుడు వెనక్కి లాగడమన్న మాటే ఉండదు.

మొదలయ్యాక ట్యూబు వైపు చూస్తూ ఉండండి. జాయింటు దగ్గర్నుంచి సన్న బుడగలు పూసల్లా వరసగా వస్తుంటే అక్కడ గాలి పడుతోందని, ఇంజను సక్షన్ పైపుకి గాలి పట్టినా నీళ్ళు ఎక్కకపోవడమే నష్టం, ఇక్కడైతే ఆ గాలి వైన్‌లోకే పోతుంది, రంగు ముదిరి రుచి పోతుంది. ఆపి, చివర వేణ్ణీళ్ళలో ముంచి మళ్ళీ లోపలికి నెట్టండి. బుడగలు ట్యూబు మొత్తంలో, ఎక్కడపడితే అక్కడ పుడుతుంటే అది వేరు, వైన్‌లో మిగిలిన కార్బన్ డయాక్సైడ్, కంగారక్కర్లేదు. కొత్త వైన్‌లో అది ఎక్కువుంటుంది, కొత్త సీసాలో నురగ భుజం దాటి మెడలోకి పాకుతుంది, అక్కడ బొటనవేలు తియ్యాలి, తియ్యకపోతే ట్రాప్‌లోకి పోతుంది. అందుకే భుజం దాకా నింపి కాసేపు ఆగి మిగతాది పోస్తాం. గ్యాస్ మొత్తం తీసెయ్యడానికి ఇదే పంప్ 500 పైన పెట్టేవాళ్ళున్నారు, పనిచేస్తుంది కూడా, గాజులో మాత్రం నేను పెట్టను, పెట్టమని చెప్పను.

మడ్డి దగ్గరకొచ్చేసరికి ఆశ పడకండి. ట్యూబు చివర మడ్డికి రెండంగుళాలు పైన మొదలుపెట్టి, మట్టం దిగుతున్న కొద్దీ దింపుకుంటూ రండి, ధారలో మబ్బులా కనపడగానే ట్యూబు పైకి లాగెయ్యండి. వాక్యూమ్ సైఫన్ కన్నా జోరుగా లాగుతుంది కాబట్టి చివర్లో నాబ్ తగ్గించాలి.

మార్చేటప్పుడే కేఎంఎస్ వేసుకోవచ్చు, మనవాళ్ళు స్క్వాష్‌లలో వేసే పొటాషియం మెటాబైసల్ఫైటే. 23 లీటర్లకి 2 గ్రాములు వేస్తే సల్ఫర్ డయాక్సైడ్ 50 పీపీఎం, అంటే లీటరుకి 50 మిల్లీగ్రాముల దగ్గర పడుతుంది. కొంచెం నీళ్ళలో కరిగించి ఖాళీ సీసా అడుగున ముందే పోసేస్తే వైన్ వచ్చి దానంతటదే కలుస్తుంది.

సీసాని ప్రతిసారీ ఎండకి ఎత్తి చూడండి, చుక్కలాంటి దెబ్బ, గాజులో బుడగ, గోరు తగిలే గీత ఏది కనపడినా దాన్ని వాక్యూమ్‌కి వాడకండి. గుండ్రటివే వాడాలి, పలకల సీసాలు వద్దు, మన పింగాణీ జాడీలు అసలే వద్దు. ప్లాస్టిక్ అంటారా, మా దగ్గర కుర్రాడు ఒకడు మినరల్ వాటర్ టిన్నుకి తగిలించి చూశాడు, చప్పుడు కూడా చెయ్యకుండా లోపలికి ముడుచుకుపోయింది. మేం ప్రతి సీసాకీ గోనెసంచి తొడుగుతాం, ముందువైపు మట్టం కనపడేంత సందు ఉంచి, కళ్ళద్దాలు పెట్టుకుంటాం. ఇంకొకటి, పంప్‌ని అటుదిటు తిప్పి వైన్ ఉన్న సీసాలోకి గాలి కొట్టి తోద్దామని కొందరికి ఐడియా వస్తుంది, గాజులోకి ప్రెషర్ ఎక్కించడం వాక్యూమ్ కన్నా ప్రమాదం, ఆ జోలికి పోకండి.

ఎవరైనా స్నేహితులు వెనిగర్ చేస్తుంటే వాళ్ళ ట్యూబులు మాత్రం అరువు తెచ్చుకోకండి. మాకు వెనిగర్‌కి గాలి కావాలి, బ్యాక్టీరియా కావాలి, మీకు రెండూ పడవు. ట్యూబు లోపలి గోడకి అంటుకున్న బ్యాక్టీరియా జిగురు ఎంత కడిగినా పూర్తిగా పోదు, ఆ పండ్ల మీద వాలే చిన్న ఈగలు ఉన్నాయి చూశారా, అవీ అదే బ్యాక్టీరియాని మోసుకొస్తాయి. మీ ట్యూబులు పని అయిన వెంటనే కడిగి, కేఎంఎస్ నీళ్ళు లాగించి, వేలాడదీసి ఆరబెట్టండి.

ఆర్డర్ పెట్టే ముందు కార్బాయ్ మూతి కొలుచుకోండి, 6 గ్యాలన్ల గాజువాటికి మామూలుగా 6.5 లేదా 7 నంబరు కార్కు పడుతుంది, రెండు కన్నాలది అని ప్రత్యేకంగా అడగండి, అడక్కపోతే ఎయిర్‌లాక్ కోసం చేసిన ఒక కన్నం కార్కే పంపిస్తారు.