నర్సులకు భాష నేర్పిస్తే ఉద్యోగంలో ఉంటారా, నేర్చుకుని వెళ్ళిపోతారా?

మీ ప్రశ్న ఇది: హైదరాబాద్‌లో వంద పడకల హాస్పిటల్, నర్సులు ఏడాది తిరక్కుండానే మానేస్తున్నారు, జీతాలు ఇంతకు మించి పెంచే పరిస్థితి లేదు. ఉచితంగా జర్మన్ క్లాసులు పెట్టిస్తే ఆగుతారా, లేక మన డబ్బుతో నేర్చుకుని విమానం ఎక్కేస్తారా?

నేను ఇదే ఊళ్ళో ఒక ప్రైవేటు హాస్పిటల్‌లో నర్సింగ్ సూపరింటెండెంట్‌ని. మా దగ్గర తెలుగు, జర్మన్ రెండు క్లాసులూ నడుస్తున్నాయి. నేను చూసినంతలో మనుషుల్ని ఎక్కువగా నిలబెట్టింది తెలుగే. మీరు దాని గురించి అడగలేదు గానీ, ముందు అదే చెబుతాను.

మీ స్టాఫ్ లిస్టు ఒకసారి తీసి చూడండి. కేరళ వాళ్ళు, మణిపూర్, మిజోరం వైపు వాళ్ళు, ఒడిశా అమ్మాయిలు ఎంతమంది ఉన్నారో లెక్క తేలుతుంది. పనిలో వాళ్ళకు వంక పెట్టడానికి ఏమీ ఉండదు. కానీ ఊళ్ళ నుంచి వచ్చే పేషెంట్లలో చాలామందికి ఇంగ్లీషు రాదు, హిందీ కూడా అంతంతమాత్రమే. ఒక రాత్రి మా మెడికల్ వార్డులో మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన పెద్దావిడ "ఆయాసమొస్తుంది బిడ్డా" అంటోంది. డ్యూటీలో ఉన్న మలయాళీ అమ్మాయికి ఆ మాట తెలియదు. ముఖం చూసి ఇబ్బంది పడుతోందని గ్రహించి, ఆక్సిజన్ శాచురేషన్ చూసింది, మంచం తలవైపు ఎత్తింది, డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసింది. చేయాల్సినవన్నీ చేసింది. అయినా పక్కనున్న కొడుకు "మా మాటే అర్థం కానోళ్ళతో వైద్యం చేయిస్తారా" అని వార్డంతా వినపడేలా అరిచాడు. పొద్దున ఆ అమ్మాయి రాజీనామా పట్టుకుని నా దగ్గరికొచ్చింది. కారణం దగ్గర "వ్యక్తిగతం" అని రాసింది. మీ ఫైళ్ళలో ఉన్న రాజీనామాల్లో కూడా చాలావరకు అదే మాట కనిపిస్తుంది. దాని వెనక ఏముందో కూర్చోబెట్టి అడిగితే తప్ప చెప్పరు.

ఆ తర్వాతే తెలుగు క్లాసు మొదలైంది. బయటి నుంచి టీచర్‌ని పిలవలేదు. వార్డుల్లో ఏళ్ళ తరబడి పనిచేసిన మా సీనియర్ సిస్టర్‌కే అప్పజెప్పి, జీతం మీద కొంత అలవెన్సు ఇచ్చాం. అక్షరాల జోలికి ఆవిడ వెళ్ళలేదు. ఒకరు పేషెంట్, ఒకరు నర్సు, ఒకరు కోపంగా ఉన్న అటెండెంట్. ఎక్కడ నొస్తోంది, ఎప్పటి నుంచి, పొద్దున్నుంచి ఏమైనా తిన్నారా, సూది వేస్తున్నా కొంచెం మంటగా ఉంటుంది. ఇవి అనడం రావాలి. కళ్ళు తిరుగుతున్నాయి, గుండె దడగా ఉంది, కాళ్ళు తిమ్మిరెక్కాయి, పానం మంచిగ లేదు. ఇవి వినగానే అర్థం కావాలి. తెలంగాణ పల్లె మాట, కోస్తా మాట రెండూ చెవిన పడాలని ఆవిడ పట్టుబట్టి చేయించేవారు.

టైమింగ్ దగ్గరే చాలా హాస్పిటళ్ళలో ఇది దెబ్బతింటుంది. నైట్ డ్యూటీ చేసి వచ్చిన పిల్లని హాస్టల్ నుంచి లేపి క్లాసుకు రమ్మంటే అది సౌకర్యం కాదు, శిక్ష. మేం మార్నింగ్ డ్యూటీలోనే ఒక గంట తీసి, దాన్ని డ్యూటీ కింద లెక్కేశాం. సగం మంది క్లాసులో ఉంటే సగం మంది వార్డు చూసుకుంటారు, మర్నాడు వాళ్ళ వంతు. రోస్టర్‌లో నైట్స్ పడ్డవాళ్ళ కోసం అదే పాఠం మళ్ళీ చెబుతారు. మేనేజ్‌మెంట్‌కి ఆ గంట ఇవ్వడమే కష్టంగా అనిపిస్తుంది. ఆ గంట ఇవ్వలేకపోతే అసలు మొదలుపెట్టకండి.

ఇక జర్మన్. వెళ్ళిపోతారా అంటే, కొందరు తప్పకుండా వెళ్తారు. కానీ ఎంత కాలానికి వెళ్తారో చూడండి. జర్మనీలో పూర్తిస్థాయి నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా జర్మన్‌లో బీ2 స్థాయి, అంటే పనిలో ధారాళంగా మాట్లాడగలిగే స్థాయి, అడుగుతారు. జర్మన్ నేర్పే, పరీక్షలు పెట్టే సంస్థ గోథే ఇన్‌స్టిట్యూట్ అంచనా ప్రకారం ఆ స్థాయికి 45 నిమిషాల పాఠాలు 600 నుంచి 800 దాకా కావాలి. వారానికి ఆరు పాఠాలు చెప్పించినా, సెలవులు పోను, రెండేళ్ళు దాటిపోతుంది. ఏడాది కూడా ఉండని అమ్మాయి క్లాసు మధ్యలో వదలడం ఇష్టం లేక అన్నాళ్ళు మీ వార్డులో ఉంటుంది. ఆ తర్వాత వెళ్తే సంతోషంగా పంపండి. మేం అలా పంపినవాళ్ళు వాళ్ళ జూనియర్లకు మా హాస్పిటల్ పేరు చెబుతున్నారు. విదేశాలకు వెళ్ళాలనుకునేవాళ్ళు ఎలాగూ బయట నేర్చుకుంటారు. బంజారాహిల్స్‌లో జర్మన్ నేర్పే గోథే జెంట్రమ్ ఉంది, ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులకు జర్మన్ నేర్పించి పంపుతోంది. మీ దగ్గర నేర్చుకుంటే కనీసం మీ దగ్గర పనిచేస్తూ నేర్చుకుంటారు.

బ్రిటన్ వైపు చూసేవాళ్ళకు ఓఈటీ, అంటే వైద్య రంగం వాళ్ళకు పెట్టే ఇంగ్లీషు పరీక్ష, దానికి ట్రైనింగ్ ఇప్పించినా మంచిదే. ఆ పరీక్షలో కేసు నోట్స్ చదివి ఉత్తరం రాయాలి, పేషెంట్‌తో మాట్లాడే రోల్ ప్లే ఉంటుంది. ఇది చదివినవాళ్ళ హ్యాండోవర్ నోట్స్ ఎంత శుభ్రంగా ఉంటాయో మా డాక్టర్లే గమనించి చెప్పారు.

మీ ప్రశ్న కింద కామెంట్లలో ఒకరు, ఇన్నేళ్ళ లోపు మానేస్తే డబ్బు కట్టాలని బాండ్ రాయించుకోమన్నారు. 2025లో విజయా బ్యాంక్ కేసులో, మూడేళ్ళ లోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. అది ప్రభుత్వ రంగ బ్యాంకు, ఆఫీసర్ ఉద్యోగం. కొత్త నర్సు జీతానికి అలాంటి షరతు పెడితే క్లాసుకే రారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు లాక్కుని పెట్టుకునే పద్ధతి మాత్రం ఎంత అవసరమొచ్చినా వద్దు, అది ఆ పిల్లల భవిష్యత్తుతో ఆడుకోవడమే. మేం చేసేదల్లా ఒకటి: ఫీజు మొత్తం హాస్పిటల్ కడుతుంది, బయటి పరీక్ష ఫీజు మాత్రం పాసయ్యాక తిరిగి ఇస్తుంది. పై లెవెల్ క్లాసు కావాలంటే ఉద్యోగంలో ఉండాలి, అంతే.

మీరైతే ముందు తెలుగు క్లాసు ఒక్క వార్డులో పెట్టి చూడండి. గొడవలు ఎక్కువయ్యే వార్డు ఏదో మీ ఇన్‌చార్జ్ సిస్టర్‌ని అడిగితే చెబుతారు. జర్మన్‌కు పేర్లు తీసుకునేటప్పుడు హెచ్‌ఆర్ వాళ్ళని కాకుండా ఆ సిస్టర్‌నే పంపండి. వెళ్ళిపోవాలని ఉందన్న సంగతి పిల్లలు ఆవిడ దగ్గర దాచుకోరు.